బుధవారానికి ఆగిపోయే వాచీ

ప్రశ్న: నా వయసు 38. మాది నెల్లూరు. పదమూడేళ్ళుగా బెంగళూరులో, వైట్‌ఫీల్డ్ దగ్గర ఉద్యోగం. ఈసారి మంచి బోనసు వచ్చింది. జీవితంలో ఒక్క మంచి వాచీ కొనుక్కోవాలని ఎప్పటినుంచో కోరిక. రెండు నచ్చాయి. ఒకటి నీళ్ళలో 300 మీటర్ల లోతుదాకా తట్టుకునే స్విస్ ఆటోమేటిక్ డైవర్ వాచీ. చేతికి లేకపోయినా 70 గంటలు నడుస్తుందన్నారు. రెండోది జపాన్ వాళ్ళ గ్రాండ్ సీకో క్వార్ట్జ్, సెల్లుతో నడిచేది, ఏడాదికి పది సెకన్లకు మించి తేడా రాదట. రెండింటి ధరా ఇంచుమించు ఒకటే, నా రెండు నెలల జీతం. ఆఫీసు రోజుల్లో నడక లెక్కల కోసం స్మార్ట్ వాచీ పెట్టుకుంటాను కాబట్టి ఇది శనాదివారాలకీ, శుభకార్యాలకీ. అపార్ట్‌మెంట్ కొలనులో ఈత కూడా నేర్చుకుంటున్నాను. మా బావగారు "సెల్లుతో నడిచే వాచీకి ఇంత డబ్బు పోసేవాణ్ణి నిన్నే చూస్తున్నాను" అంటున్నారు. నా భార్య "మెడలోతు నీళ్ళు దాటని మనిషికి 300 మీటర్ల వాచీ ఎందుకు" అంటోంది. మా నాన్నగారు బడిపంతులు. రోజూ పొద్దున రేడియో వార్తలకు ముందు వచ్చే పిప్ పిప్ శబ్దానికి తన హెచ్ఎంటీ జనతాకి కీ ఇచ్చి, టైము సరిచేసుకునేవారు. ఆయన పోయి నాలుగేళ్ళయింది. ఆ వాచీ బీరువాలో ఉంది, నడవదు. దాన్ని చూసినప్పుడల్లా మరలతో నడిచే వాచీయే కొనాలనిపిస్తుంది. క్వార్ట్జ్‌లో ప్రాణం ఉండదంటారు కదా! ఏది కొనమంటారు?

సమాధానం: క్వార్ట్జ్ కొనండి.

మీ ఉత్తరం మొత్తం ఆటోమేటిక్ వైపే ఒరిగి ఉందని నాకు తెలుసు. అయినా మీరు మాటవరసకి రాసి దాటేసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఆఫీసు రోజుల్లో స్మార్ట్ వాచీ పెట్టుకుంటానన్నారు. ఆటోమేటిక్ వాచీకి తిండి మీ చేతి కదలికే. లోపల అర్ధచంద్రాకారంలో ఉండే బరువు ఒకటి చెయ్యి ఊగినప్పుడల్లా తిరుగుతూ స్ప్రింగును చుడుతుంది. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి తీసి బల్ల మీద పెట్టారనుకోండి. 70 గంటలంటే బుధవారం సాయంత్రం ఏడింటికి ఆగిపోతుంది. మీరు మళ్ళీ శనివారం ఉదయం తొమ్మిదింటికి దాన్ని తీసేసరికి 132 గంటలు గడిచి ఉంటాయి. ఏడాదిలో 52 శనివారాలు మీ చేతికి వచ్చేది ఆగిపోయిన వాచీయే.

సరిచేసుకోవడం ఎంతసేపు, ఒక్క నిమిషం పని అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. ఏదో పెళ్ళికి బయలుదేరుతూ ఉంటాం. ఇంట్లోవాళ్ళు లిఫ్ట్ తలుపు పట్టుకుని పిలుస్తూ ఉంటారు. డైవర్ వాచీలో నీళ్ళు చొరకుండా కీని మరతో బిగించి ఉంచుతారు కాబట్టి ముందు ఆ మర విప్పాలి. ఇరవై ముప్పై చుట్లు తిప్పాలి. ఒక మెట్టు లాగి తేదీ, ఇంకో మెట్టు లాగి టైము. ఇందులో ఇంకో చిక్కు ఉంది. ముళ్ళు రాత్రి తొమ్మిదికీ తెల్లవారుజామున మూడుకీ మధ్య ఉన్నప్పుడు చాలా వాచీల్లో తేదీని కీతో మార్చకూడదు. తేదీ తిప్పే పళ్ళచక్రం అప్పటికే పనిలో ఉంటుంది. బలవంతం చేస్తే పన్ను విరగవచ్చు. ఆగిపోయిన వాచీ పది చూపిస్తుంటే అది పొద్దుటి పదో రాత్రి పదో డయల్ చెప్పదు. అందుకని ముళ్ళను తిప్పుకుంటూ పోయి, తేదీ ఎక్కడ మారుతుందో చూసుకుని, అప్పుడు సరిచేయాలి. ఇంతలో లిఫ్ట్ కిందికి వెళ్ళిపోతుంది. రెండు నెలలు ఇలా చేశాక నేను తేదీ సంగతి వదిలేశాను. మూడో నెలలో ఆ వాచీని బయటికి పెట్టుకెళ్ళడమే వదిలేశాను.

దీనికి విరుగుడుగా వాచీని పడుకోబెట్టి తిప్పుతూ ఉండే పెట్టె ఒకటి అమ్ముతారు. కరెంటుతోనో బ్యాటరీతోనో నడుస్తుంది. బ్యాటరీ వాచీ వద్దని మరల వాచీ కొని, దాన్ని నడిపించడానికి బ్యాటరీ పెట్టె కొనడం నాకు మింగుడుపడదు. ఏడవని పిల్లకు ఉయ్యాల ఊపడమే అది.

ఇక టైము సంగతి. నా దగ్గరున్న ఆటోమేటిక్ రోజుకి ఎనిమిది సెకన్లు ముందుకు పోతుంది. అది చెడ్డ వాచీ కాదు. స్విట్జర్లాండ్‌లో క్రోనోమీటర్ అని ధ్రువపత్రం ఇచ్చే పరీక్షలోనే సగటున రోజుకి నాలుగు సెకన్లు వెనక్కీ, ఆరు సెకన్లు ముందుకీ పోవడాన్ని ఒప్పుకుంటారు. రోజుకి ఎనిమిది సెకన్లంటే నెలకి నాలుగు నిమిషాలు. మీరు చూసిన క్వార్ట్జ్ వాచీ కంపెనీ చెప్పిన హద్దు మేరకు ఏటా పది సెకన్లూ తప్పుతూ పోయినా, ఆ నాలుగు నిమిషాల తేడా రావడానికి 24 ఏళ్ళు పడుతుంది. అప్పటికి మీకు 62.

ఈ లెక్కతో ఒరిగేదేమిటి, జేబులో ఫోను ఉంది కదా అంటారా? ఒప్పుకుంటాను. రోజూ ట్రాఫిక్‌కి పేరుమోసిన సిల్క్ బోర్డు కూడలి దాటవలసిన ఊళ్ళో సెకన్ల గురించి మాట్లాడటం నవ్వులాటే. కానీ మీ నాన్నగారి గురించి మీరు రాసింది మళ్ళీ ఒకసారి చదవండి. ఆయన రోజూ రేడియో ముందు నిలబడింది మరల మీద మోజుతో కాదు. ఆ మరలు నిన్నటి నుంచి ఈరోజుకి ఎంతో కొంత తప్పి ఉంటాయని తెలుసు కాబట్టి. బడి గంట సరైన వేళకి కొట్టించవలసిన మనిషి. ఆయనకి కావలసింది సరైన టైము. అందుబాటులో ఉన్నది జనతా. ఏడాదికి పది సెకన్లు తప్పే వాచీని ఆయన చేతిలో పెట్టి ఉంటే 'ఇందులో ప్రాణం లేదు' అని తిప్పి పంపేవారని నాకైతే అనిపించడం లేదు.

మీ బావగారికి చెప్పవలసిన కథ ఒకటి ఉంది. ప్రపంచంలో మొదటి క్వార్ట్జ్ చేతి గడియారం సీకో ఆస్ట్రాన్. 1969 డిసెంబరు 25న టోక్యోలో అమ్మకానికి వచ్చింది. ధర 4,50,000 యెన్లు. ఆ డబ్బుకి అప్పట్లో అక్కడ చిన్న కారు వచ్చేది. సెల్లుతో నడిచే వాచీ అంటే చవక అనే మాట ఆ తర్వాత పదేళ్ళకి, వాటిని లక్షల్లో తయారుచేయడం మొదలయ్యాక పుట్టింది. ఆ దెబ్బకి స్విట్జర్లాండ్‌లో వాచీల పరిశ్రమలో పనిచేసేవారి సంఖ్య 1970లో దాదాపు 90,000 ఉన్నది 1980ల మధ్యకి 30,000 స్థాయికి పడిపోయింది. మిగిలినవాళ్ళు మరల వాచీని నగలాగా అమ్మడం నేర్చుకున్నారు. 'ప్రాణం' అనే మాట ఆ అమ్మకంలో బాగా పనికొచ్చింది. అది పూర్తిగా అబద్ధమని అనను. కానీ ఎవరు మొదలుపెట్టారో, ఎందుకు మొదలుపెట్టారో తెలిసి వినడం మంచిది.

ఇదే తగాదా మన ఊళ్ళోనూ నడిచింది. హెచ్ఎంటీ 1961లో బెంగళూరులో వాచీల ఫ్యాక్టరీ పెట్టింది, జపాన్‌కి చెందిన సిటిజన్ కంపెనీ సాంకేతిక సహకారంతో. 1984లో టాటాలు, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ కలిసి టైటన్‌ను స్థాపించారు. ఫ్యాక్టరీ ఇక్కడికి నలభై కిలోమీటర్ల దూరంలో, హోసూరులో. వాళ్ళు మొదటినుంచీ క్వార్ట్జ్‌నే నమ్ముకున్నారు. హెచ్ఎంటీ కూడా క్వార్ట్జ్ చేసింది కానీ మనసు మరల మీదే ఉండిపోయింది. 2016లో ఆ వాచీల కంపెనీ మూసివేతకు కేంద్ర ప్రభుత్వం ఆమోదం తెలిపింది. ఇందులో నాకు ఇష్టమైన మెలిక ఇంకొకటి. హెచ్ఎంటీకి పని నేర్పిన ఆ సిటిజన్ 2019లో ఏడాదికి ఒక్క సెకను మాత్రమే తప్పే క్వార్ట్జ్ వాచీని తెచ్చింది. మీ నాన్నగారి జనతాకీ, ఇప్పుడు మీరు సందేహిస్తున్న క్వార్ట్జ్‌కీ మధ్య మీరనుకున్నంత దూరం లేదు.

అంత డబ్బుకి లోపల ఏముంటుందో కూడా చూద్దాం. క్వార్ట్జ్ స్ఫటికానికి కరెంటు తగిలిస్తే సెకనుకి 32,768 సార్లు కంపిస్తుంది. వింత సంఖ్యలా ఉంది కానీ దాన్ని పదిహేనుసార్లు సగం చేసుకుంటూ పోతే సరిగ్గా ఒకటి మిగులుతుంది. అదే సెకను. మంచి మరల వాచీలో బ్యాలెన్స్ చక్రం సెకనుకి ఎనిమిదిసార్లు కొట్టుకుంటుంది. ఇంత వేగంగా కంపించేది తప్పడం ఎందుకు? వేడి వల్ల. మామూలు వాచీల్లో వాడే స్ఫటికం 25 డిగ్రీల దగ్గర బాగా నడుస్తుంది. అంతకన్నా వేడెక్కినా, చల్లబడినా కాస్త మందగిస్తుంది. బెంగళూరు వాతావరణం గురించి గొప్పలు చెప్పుకునేవారికి ఇదొక కొత్త కారణం. మామూలు క్వార్ట్జ్ నెలకి పదిహేను సెకన్ల దాకా తప్పేది ప్రధానంగా ఇందుకే. మీరు చూసిన వాచీలోని మిషన్ పేరు 9ఎఫ్, 1993లో వచ్చింది. అందులో వాడే స్ఫటికాలను మూడు నెలలు కరెంటు పెట్టి నిలవ చేసి, నిలకడగా ఉన్నవాటినే ఏరుతారు. రోజుకి 540 సార్లు వేడిని కొలిచి లెక్క సవరించుకుంటుంది. మే నెలలో నెల్లూరు వెళ్ళినా దానికి బెంగ లేదు.

దుకాణానికి వెళ్ళినప్పుడు ఒక పని చేయండి. ఏదైనా మామూలు క్వార్ట్జ్ వాచీని ముందు చూడండి. సెకన్ల ముల్లు దూకి, దిగినచోట ఒక్క క్షణం వణుకుతుంది. చాలావాటిలో గీత మీద కాకుండా గీత పక్కన దిగుతుంది. పన్నెండు దగ్గర సరిగ్గా ఉంటే ఏడు దగ్గర తప్పుతుంది. తర్వాత 9ఎఫ్ వాచీని తీసుకుని ఒక నిమిషం పూర్తిగా చూడండి. ముల్లు దూకుతుంది, గీత మీద పడుతుంది, అంతే. వణుకు లేదు. పళ్ళచక్రాల మధ్య సందు వల్ల వచ్చే ఆ వణుకును ఆపడానికి లోపల సన్నని స్ప్రింగుతో పనిచేసే ఏర్పాటు ఉంది. ఆటోమేటిక్ వాచీల్లో ఉండే బరువైన, వెడల్పాటి ముళ్ళనే దీనికీ పెట్టగలిగారు, మోటారుకి సెకనుకి ఒకటి బదులు రెండు చిన్న తోపులు ఇచ్చి. ఆ నిమిషం చూశాక కూడా మీకు మనసు కదలకపోతే నా మాట పక్కనపెట్టి డైవర్ కొనుక్కోండి. నిజంగానే చెబుతున్నాను.

మీ భార్య వేసిన ప్రశ్నకి సమాధానం ఏమిటంటే, ఆమె చెప్పింది నిజం. డైవర్ వాచీలకి ఐఎస్ఓ 6425 అనే ప్రమాణం ఉంది. కనీసం 100 మీటర్లకి తట్టుకోవాలి, రాసిన లోతుకన్నా పాతికశాతం ఎక్కువ ఒత్తిడిలో పరీక్షించాలి, చీకట్లో పాతిక సెంటీమీటర్ల దూరం నుంచి టైము కనబడాలి. డయల్ చుట్టూ ఉండే బెజెల్ ఒక్కవైపుకే తిరుగుతుంది. రాయికి తగిలి అది జరిగినా, నీళ్ళలో ఉన్న సమయం ఎక్కువగానే కనబడుతుంది తప్ప తక్కువగా కనబడదు. గాలి అయిపోకముందే పైకి వచ్చేలా చేసే తెలివైన ఏర్పాటు. ఇదంతా గొప్ప పనితనమే. కానీ ఇప్పుడు సముద్రంలో దిగేవాళ్ళు నమ్ముకునేది చేతికి కట్టుకునే డైవ్ కంప్యూటర్‌ను. మీ అపార్ట్‌మెంట్ కొలనుకి 100 మీటర్లు, అంటే వెనక మూత మీద 10 బార్ అని రాసి ఉన్న వాచీ చాలు. కొనేముందు అది ఒక్కటి చూసుకోండి. 30 మీటర్లు అని రాసి ఉంటే మాత్రం చేతులు కడుక్కోవడానికే, ఈతకి కాదు. ఏ వాచీ అయినా ఈత అయ్యాక క్లోరిన్ పోయేలా మంచినీళ్ళతో కడగండి. వేడినీళ్ళ స్నానానికి తీసుకెళ్ళకండి. తోలు స్ట్రాప్ అయితే కొలను దగ్గరికే వద్దు.

క్వార్ట్జ్ కొంటే మీరు నిజంగా పోగొట్టుకునేది ఆ బెజెల్‌నే. నేను దాన్ని ఇడ్లీ పాత్రకీ, డికాక్షన్‌కీ వాడతాను. గుర్తును నిమిషాల ముల్లు ఎదురుగా తిప్పిపెడితే చాలు, పది నిమిషాలైందో లేదో చూపుతోనే తెలుస్తుంది. చిటికెలో అయ్యే పని, టకటకమనే ఆ చప్పుడూ బాగుంటుంది. ఇడ్లీల కోసం రెండు నెలల జీతమా అని మా ఇంట్లోనూ అడిగారు.

క్వార్ట్జ్‌కి కష్టాలు లేవని అనుకోకండి. దాదాపు మూడేళ్ళకోసారి సెల్లు మార్చాలి. ఆ పని వీధి చివర దుకాణంలో చేయించకండి. ఇలా ఒకసారి నేను నా మామూలు క్వార్ట్జ్ వాచీకి ఒకచోట ఐదు నిమిషాల్లో సెల్లు మార్పించుకున్నాను. వెనక మూత కింద ఉండే రబ్బరు రింగును అతను సరిగ్గా కూర్చోబెట్టలేదు. వారం తర్వాత వాన పడింది, అద్దం లోపల మంచు పట్టింది, నెలలోపే డయల్ మీద మచ్చలు వచ్చాయి. రింగు మార్చి, నీటి ఒత్తిడి పరీక్ష చేసి ఇచ్చే చోటే ఇవ్వండి. సెకన్ల ముల్లు రెండేసి సెకన్లు దూకడం మొదలుపెడితే సెల్లు అయిపోవస్తోందని చాలా వాచీల్లో గుర్తు. అయిపోయిన సెల్లును లోపల వదిలేస్తే కారి మిషన్‌ను తినేస్తుంది. నెలకి ముప్పై రోజులే ఉన్నప్పుడూ, ఫిబ్రవరిలోనూ, అంటే ఏడాదికి ఐదుసార్లు తేదీ మీరే సరిచేయాలి. మళ్ళీ అమ్మితే ఆటోమేటిక్‌కి వచ్చినంత గిరాకీ దీనికి రాదు. మీరు అమ్మే మనిషిలా లేరు కాబట్టి దాన్ని వదిలేద్దాం.

ఆటోమేటిక్‌కైతే ఐదారేళ్ళకోసారి పూర్తిగా విప్పి, కడిగి, నూనె వేయాలి. అది సెల్లు మార్చినంత చవక కాదు. మీ ఉద్యోగంలో అయస్కాంతాల గొడవ కూడా ఉంటుంది. ల్యాప్‌టాప్, స్పీకర్లు, ఫోను వెనక అంటుకునే ఛార్జరు, వీటి పక్కన పెడితే వెంట్రుకలాంటి హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అంటుకుని వాచీ ఉన్నట్టుండి రోజుకి నిమిషాల చొప్పున పరుగెత్తుతుంది. బాగుచేయడం తేలికే, కానీ కారణం తెలిసేదాకా మతి పోతుంది.

మీరు వారానికి ఏడు రోజులూ అదే పెట్టుకుంటానని రాసి ఉంటే, స్మార్ట్ వాచీ మాట లేకపోయి ఉంటే, నా సమాధానం బహుశా డైవర్ అయ్యేది. ఇంకొకటి కూడా లేకపోయి ఉండాలి. అదే మీ బీరువాలోని జనతా.

మరల వాచీ మీకు ఇప్పటికే ఉంది. దాన్ని నడిపించండి. నడవదన్నారు కానీ చాలాసార్లు అది విరిగిపోయి ఉండదు, నూనె ఎండి బిగుసుకుపోయి ఉంటుంది. బలవంతంగా కీ తిప్పకండి. చిక్కపేట, అవెన్యూ రోడ్డు వైపు సందుల్లో, గాజు డబ్బా లాంటి బల్ల వెనక కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చునే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. 'మొత్తం విప్పి కడుగుతారా' అని అడగండి. విప్పకుండా పైనుంచి నూనె చుక్క వేసి ఇచ్చేవాడైతే నమస్కారం పెట్టి వచ్చేయండి. అయ్యే ఖర్చు మీ కొత్త వాచీ ధర పక్కన లెక్కలోకి రాదు. బాగయ్యాక అది చేత్తో కీ ఇచ్చే వాచీ అని గుర్తుంచుకోండి. రోజూ ఒకే వేళకి, తిరగనని మొరాయించేదాకా మెల్లగా తిప్పి ఆపేయాలి. సరిచేసుకోవడానికి ఇప్పుడు రేడియో అక్కరలేదు, పక్కన క్వార్ట్జ్ ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. పాత హెచ్ఎంటీలకి డయల్ మీద కొత్త రంగు వేసి, మెరిసే అక్షరాలు అద్ది అమ్మడం ఇప్పుడు పెద్ద వ్యాపారం. మీ నాన్నగారి వాచీ డయల్ పసుపెక్కి ఉంటుంది, ఒకటి రెండు మచ్చలు కూడా ఉండవచ్చు. 'కొత్తదానిలా చేసిస్తాను సార్' అంటారు. పైన గీతలు పడ్డ ప్లాస్టిక్ అద్దాన్ని కావాలంటే సానపట్టమనండి, పగిలి ఉంటే మార్చమనండి. డయల్‌ను మాత్రం ముట్టుకోవద్దని ముందే చెప్పి, చీటీ మీద కూడా రాయించుకోండి.